రెండో చెయ్యి

చెన్నూరులో ఆడవాళ్ల ముఖాలు మా అత్తకు అంతగా గుర్తుండేవి కావు గానీ, చేతులు మాత్రం మరిచిపోయేది కాదు. బజారులో ఎవరైనా పలకరిస్తే ముందు మణికట్టు వైపు చూసేది, ఆ తర్వాతే పేరు పెట్టి పిలిచేది. ఆమె అసలు పేరు లతీఫున్నీసా, ఊరికి మాత్రం గాజుల లతీఫమ్మ. భుజాన గాజుల మలారం వేసుకుని ఇల్లిల్లూ తిరిగేది. గాజు ఎంత ఇరుకుదైనా సరే, ఎదుటి మనిషి చేతిని ఒడిలో పెట్టుకుని, బొటనవేలి మొదట్లో మెల్లగా పిసుకుతూ ఏదో ఒక ముచ్చట ఎత్తుకునేది. ఆ ముచ్చటకు వాళ్లు నవ్వేలోపు గాజు మణికట్టు మీద ఉండేది. "చెయ్యి మెత్తవడాల్నంటే ముందుగాల నోరు తెరిపియ్యాలె" అని నాకు నేర్పింది. చెయ్యి మెత్తబరచడం నాకు ఈనాటికీ రాలేదు. నోరు తెరవడం మాత్రం బాగా వచ్చింది. కావాలంటే మా ఆయన జహీర్‌ను అడగండి.

ఆ పనిలో ఒక పట్టింపు ఉండేది. ఒక చెయ్యి నింపి, రెండో చెయ్యి బోసిగా వదిలేసి లేవకూడదు. పెళ్లికూతురికైతే మరీ కూడదు. ఇల్లు అంటుకున్నా సరే, రెండో చెయ్యి నిండాకే లేవాలని మా అత్త అంటుండేది. ఇల్లు నిజంగా అంటుకుంటుందని ఎవరనుకుంటారు?

నేను చెప్పబోయేది హైదరాబాద్ రాష్ట్రం ఇంకా ఆ పేరుతోనే ఉన్న రోజుల్లో ఒక ఎండాకాలం సంగతి. ఆ ఏడు రంజాన్ సరిగ్గా మండుటెండల్లో వచ్చింది. అంతకు ముందు మాఘమాసంలో మా వెనకింటి సత్తవ్వ బిడ్డకు పెళ్లయింది. సత్తవ్వ ఇంటి పందిట్లో మా అత్త పెళ్లికూతురికి గాజులు తొడుగుతుండగా నస్పూర్ నుంచి సైకిల్ మీద ఒక మనిషి వచ్చాడు. నస్పూర్ మా ఆడబిడ్డ ఖైరున్నీసా అత్తగారి ఊరు. నెలలు నిండకుండానే నొప్పులు మొదలయ్యాయనీ, తల్లి కోసం కలవరిస్తోందనీ చెప్పాడు. వచ్చే నెలలో కాన్పుకు తెచ్చుకుందామనుకున్న పిల్ల. మా అత్త అక్కడ లేచి నస్పూర్ చేరేసరికి ఖైరూ లేదు. కడుపులో బిడ్డా దక్కలేదు.

ఆ తర్వాత మా అత్త ఏడవలేదు. అదే మమ్మల్ని భయపెట్టింది. తెల్లారకముందే మలారం భుజాన వేసుకుని పోయేది, పొద్దుగూకినా తిరిగి వచ్చేది కాదు. ఆగకుండా మాట్లాడేది. ఎవరింట్లోనో మొగుడి పోరు, మేకల ధర, ఎవరి కోడలో ఎవరితోనో చేసిన లడాయి, అన్నీ చెప్పేది, ఖైరూ పేరు తప్ప. ఆమె చేతిలో గాజులు పగలడం మొదలైంది. ముప్పై ఏళ్లలో ఎవరి చేతికీ గీత పడనీయని మనిషి, ఒకామెకు నెత్తురు వచ్చేట్టు తొడిగింది. రాత్రిళ్లు నిద్ర లేక పొయ్యి దగ్గర కూర్చుని తోమిన గిన్నెలే మళ్లీ తోమేది.

రంజాన్ ఇరవయ్యో రోజా నాడు సాయంత్రం, వసారా మూలన పాత నీలం దుప్పటి కట్టింది.

"ఎతెకాఫ్ కూసుంట" అంది.

చివరి పది రోజులు లోకంతో పని పెట్టుకోకుండా ఒక చోట కూర్చుని, దేవుణ్ని తలుచుకుంటూ, తనను తాను లెక్క అడుక్కునే ఆచారం అది. మగవాళ్లు మసీదులో కూర్చుంటారు. ఆడవాళ్లు ఇంట్లోనే ఒక మూల చూసుకుంటారు. మా అత్త ఎన్నడూ కూర్చోలేదు. కాళ్లకు చక్రాలున్న మనిషి, పూట గడవకముందే తెర దులిపి మడత పెడుతుందని నేను అనుకున్నాను.

నా అంచనా తప్పింది. కూర్చుంది. మొదటి రాత్రే తెర వెనక నుంచి గురక వినిపించింది. మూడు నెలల తర్వాత ఆ ఇంట్లో వినిపించిన గురక. నేనూ మా ఆయనా మొహాలు చూసుకుని, దొంగల్లాగ నోళ్లు మూసుకుని నవ్వుకున్నాం. నాకు ఏడుపు కూడా వచ్చింది. మరుసటి రోజు ఆమె ఏడ్చింది, చప్పుడు చేయకుండా, చాలాసేపు. ఇఫ్తార్‌కు రెండు రొట్టెలు తిని ఇంకొకటి అడిగింది. ఎవరి ఓదార్పూ చేయలేని పనిని ఆ మూల చేస్తోందని నాకు అర్థమైంది.

ఒకనాడు దీపాలు పెట్టే వేళ పిలిచింది.

"అజీజా, ఉన్నవా?"

"ఏడికి పోత అమ్మీ. గీడనే ఉన్న."

"ఓ ముచ్చట దొరికింది."

నేను తెరకు ఆనుకుని కూర్చున్నాను.

"గా దినం సైకిల్ మీద మనిషి వచ్చినప్పుడు పెండ్లిపిల్లకు ఎడమ చెయ్యి నిండింది, కుడి చెయ్యి నిండలే. గందుకే లేవలేదని అందరికి చెప్పిన. నాకు నేను గూడ గదే చెప్పుకున్న."

"నిజమే గదా అమ్మీ."

"కుడి చెయ్యి నిండినంక గూడ లేవలేదు బిడ్డా. తోటి పెండ్లికూతురుకు ఏసిన. సత్తవ్వకు ఏసిన. అడగనోళ్లను గూడ పిలిచి ఏసిన. భయమైంది. నా తొలి కాన్పుల నేను ఒర్రిన ఒర్రుడు చెవుల వడ్డది. ఇప్పుడు ఖైరూ ఒర్రుడు వినాలె గదా అని కాళ్లు లేవలే. గాజులు ఏసినంతసేపు గాజుల సప్పుడే వినొస్తది."

ఆ చావు తర్వాత ఖైరూ పేరు ఆమె నోట వినడం అదే మొదలు. ఇన్నాళ్లూ ఆమె మోసింది ఒక అబద్ధాన్ని కూడా, అది దించేసింది. ముల్లు ఎక్కడ దిగిందో తెలిసిన కాలు సగం నయమైనట్టే. ఆ రాత్రి చంటిపిల్లలా నిద్రపోయింది. ఇక పండుగ రాగానే బయటికి వస్తుంది, నా ఏడో నెల గాజులు తొడుగుతుంది అని నేను సంబరపడ్డాను.

నా సంగతి చెప్పలేదు కదూ. అప్పుడు నేను కడుపుతో ఉన్నాను, తొలి చూలు. నాకు తల్లి లేదు. కడుపుతో ఉన్న పిల్లకు ఏడో నెలలో పచ్చగాజులు తొడగడం తల్లి చేయాల్సిన ముచ్చట. పెళ్లయిన కొత్తలోనే మా అత్త, "తల్లి లేదని ఫికర్ జేయకు, నీ గాజులు నేను ఏస్త" అని మాటిచ్చింది. చావు వల్లా, రంజాన్ వల్లా అది జరిగి జరిగి ఎనిమిదో నెలకు వచ్చింది.

నెలవంక కనబడింది. పండుగ నాడు మా అత్త బయటికి వచ్చింది, చెంచాడు షీర్‌ఖుర్మా తాగింది, అందరినీ కౌగిలించుకుంది. వాకిట్లో ఎండ చూసి కళ్లు చికిలించింది. తిరిగి దుప్పటి వెనక్కి వెళ్లిపోయింది.

"ఇంకొన్ని దినాలు కూసుంట. నలభై నిండనియ్యి."

"పండుగ అయిపాయె గద అమ్మీ. నా గాజులు?"

"నా చెయ్యి మంచిది కాదు బిడ్డా. వేరేటోళ్లతోటి ఏపిచ్చుకో."

మా ఆయనకు సైకిళ్ల దుకాణం ఉండేది. మంచివాడు, కానీ తల్లి తెర వెనక కూర్చునేసరికి మెత్తబడిపోయాడు. "కూసోనియ్యి. అందరికి దొరికేది కాదు గా భాగ్యం" అన్నాడు.

అక్కడి నుంచి మొదలైంది ఊరి వింత. ఎవరో జ్వరం పిల్లను ఎత్తుకుని వచ్చి, తెర పట్టుకుని బతిమాలితే, మా అత్త తెర కింద నుంచి చెయ్యి చాపి పిల్ల నుదురు తాకింది. అది ఎండ జ్వరం, సాయంత్రానికి దిగింది. మరునాడు ఆరుగురు వచ్చారు. ఆ మరునాడు వాకిలి నిండింది. నీళ్ల చెంబులు పట్టుకుని, మా అత్త ఊదిన నీళ్లు కావాలని, తురకలూ హిందువులూ వరసగా కూర్చున్నారు. గాజులు తొడిగించుకోవడానికి బేరాలాడి ఆమెను ఏడిపించిన వాళ్లే ఇప్పుడు తల మీద కొంగు వేసుకుని గుసగుసగా మాట్లాడుతున్నారు. మా ఆయన దుకాణంలోని బల్ల తెచ్చి వాకిట్లో వేశాడు.

"ఇంక పచ్చ జెండా పాతుడే తరువాయి" అన్నాను.

"నవ్వకు అజీజా. పాపం తగుల్తది."

నాకు నవ్వు రావడం మానేసి చాలా రోజులైందని ఆయనకు తెలియదు. ఊరంతా చూస్తున్నది ఒక పుణ్యాత్మురాలిని. నేను చూస్తున్నది చిక్కిపోతున్న మా అత్తను. పండుగ దాటినా ఉపవాసాలు మానలేదు, రోజూ తెల్లారకముందు సహరీకి పెట్టిన అన్నం సగం తిరిగి వచ్చేది. సాయంత్రాలు నన్ను పిలిచేది, కానీ ముచ్చట మారేది కాదు.

"ఎందుకు భయమైంది నాకు? దాని మీద ప్రేమ, పాయిరం లేకనా?"

"దొరికింది గద అమ్మీ. ఇంకేం దేవులాడుతున్నవ్?"

"దాని కింద ఇంకేమన్న ఉన్నదేమోనని."

దాని కింద ఇంకొకటి, దాని కింద ఇంకొకటి. ముందు భయపడ్డానంది. తర్వాత పిరికిదాన్నంది. ఆ తర్వాత తల్లినే కానంది. మొదట్లో ఆ మూలలో ఆమెకు నిజం దొరికింది. ఇప్పుడు అదే మూలలో ఆమె తనకు శిక్ష తయారు చేసుకుంటోంది, రోజుకింత. సత్తవ్వ కూడా రోజూ వచ్చేది. ఆమె నీళ్లూ ఊదులూ అడిగేది కాదు. తెర ముందు కూర్చుని ఆకు నములుతూ అదే మాట చెప్పేది.

"నా బిడ్డ పెండ్లిల నేనే నిన్ను కూసుండవెట్టిన లతీఫక్కా. నా మీద ఎయ్యి గా పాపం."

"నువ్వేం జేసినవ్ సత్తవ్వా. నేను గద లేవంది."

"బాయి నీళ్లు తేటవడ్డంక గూడ బొక్కెన ఏస్తనే ఉంటె బురదనే వస్తది. ఇంక సాలియ్యి."

ఇంట్లో చప్పుడు చేయకూడదు. గిన్నె కింద పెడితే మోగకూడదు. ఆ నిశ్శబ్దంలో నా ఒంటి సంగతి నేనే పట్టించుకోలేదు. వేలి ఉంగరం బిగిసింది, సబ్బు రాసి తీసి డబ్బాలో వేశాను. చెప్పుల్లో కాళ్లు పట్టడం లేదు, వట్టి కాళ్లతో తిరిగాను. తలనొప్పి ఒకటి వచ్చి, పోవడం మరిచిపోయింది. మా ఆయనకు చెబితే పుచ్చకాయ తెచ్చి, కోసి, గింజలు తీసి మరీ పెట్టాడు. "రోహిణి కార్తెల రోళ్లు వల్గుతయి, మనుషులెంత. జర పండుకో" అన్నాడు. నిజమే అనుకున్నాను. ఎండ మీద నెపం వేయని జబ్బు ఆ నెలలో ఎవరికీ ఉండదు.

కానీ బోసి చేతులతో కనాల్సి వస్తుందేమోనన్న దిగులు మాత్రం నన్ను వదల్లేదు. నాకు కావలసింది గాజులు కావు. పురిటి వేళ మా అత్త నా పక్కన ఉండాలి. ఆమె ఇప్పుడు చెయ్యి పట్టకపోతే అప్పుడూ పట్టదు. ఆ సంగతి సత్తవ్వకు చెప్పి ఏడ్చాను. ఆమె మరుసటి రోజు మధ్యాహ్నం, వడగాలికి కుక్కలు కూడా నీడ వదలని వేళ వచ్చి, వాకిట్లో బల్ల మీద కూర్చున్న వాళ్లను ఇళ్లకు పంపేసింది. "అమ్మకు నిద్రొచ్చింది" అని చెప్పింది. అది అబద్ధమైతే అయింది. కొయ్యకు వేలాడుతున్న మలారం దించి, పచ్చగాజులు విప్పి తెర కింద నుంచి లోపలికి నెట్టింది.

"ఊకో బిడ్డా, నీ చెయ్యి వెట్టు" అంది నాతో.

నేను తెర ముందు కూర్చుని ఎడమ చెయ్యి కింద నుంచి లోపలికి పెట్టాను.

"అమ్మీ, నాకు తల్లి లేదు. నువ్వు ఏస్తె ఏసినట్టు, లేకుంటె బోసి చేతులతోటే కంట."

నా చెయ్యి నేల మీద అలాగే పడి ఉంది. తర్వాత ఆమె వేళ్లు తగిలాయి. ఎంత సన్నబడ్డాయో, చల్లగా ఉన్నాయి. నా చేతిని ఎత్తి ఒడిలో పెట్టుకుంది. అలవాటు కదా, వేళ్లు వాటంతట అవే పిసకడం మొదలుపెట్టాయి. ముచ్చట మాత్రం ఎత్తుకోలేదు. మొదటి గాజు ఎక్కలేదు. పక్కన పెట్టి ఇంకొకటి తీసింది. అదీ ఎక్కలేదు.

"సత్తవ్వా, గివి అజీజా గాజులేనా?"

"అవే అక్కా."

పెద్దవి అడిగి తీసుకుంది. మెల్లగా, ఒక్కొక్కటే, ఎడమ చెయ్యి నింపింది. నేను కుడి చెయ్యి పెట్టాను. దాన్ని పట్టుకుంది గానీ గాజు తీయలేదు. బొటనవేలితో నా మణికట్టు వెనక నొక్కి పట్టి వదిలింది. మళ్లీ కొంచెం పైన నొక్కింది.

"గుంత వడుతుంది. ఎన్నడి సంది గిట్లున్నది?"

"పండుగ సంది కావొచ్చు. ఎండకు."

"తల నొస్తుందా?"

"నొస్తుంది."

"కండ్లు?"

"ఒకపారి మిణుగురు పురుగులు తిరిగినట్టయితది అమ్మీ."

దుప్పటి పక్కకు పోయింది. ఇన్ని రోజుల తర్వాత మా అత్త వెలుతురులో నిలబడి నా ముఖం చూసింది. నా ముఖం కూడా ఉబ్బి ఉందని ఆమె కళ్లలో చూసి నాకు తెలిసింది.

"ఖైరూ చెయ్యి గిట్లనే ఉండె" అంది. "ఏడో నెల గాజులు ఏసినప్పుడు ఎక్కలే. బలిసినవ్ తియ్యి అని నవ్వి ఏసిన."

అన్ని రోజులు ఆ మూలన కూర్చుని తవ్వుకున్నా ఆమెకు ఈ మాట దొరకలేదు. నా చెయ్యి పట్టుకుంటే దొరికింది. ఆ మాటతో అక్కడే కూలబడుతుందని భయపడ్డాను. ఆమె కూలబడలేదు. కొంగు నడుముకు దోపింది.

"సత్తవ్వా, జహీర్‌ను పిలువు. మంచిర్యాల దవాఖానకు పోవాలె."

"పగటీలి మోటరు పోయింది గద అక్కా."

"తునికాకు కల్లం కాడ లారీ ఉంటది. నేను కాళ్లు పట్టుకుంట, ఆపుమను."

సత్తవ్వ గుమ్మం దాకా పోయి ఆగింది. ఆమె కళ్లు నా కుడి చేతి మీద పడ్డాయి. "అక్కా, ఒక చెయ్యే నిండింది. పిల్ల కడుపుతోటి ఉన్నది. రెండో చెయ్యి..."

మా అత్త నా బోసి చేతి వైపు చూసింది. ముప్పై ఏళ్లుగా ఆమె ఎవరినీ అలా లేపలేదు.

"ఉండనియ్యి" అంది. "నడువు."

తునికాకు మూటల మీద దుప్పటి పరిచి నన్ను పడుకోబెట్టారు. అది ఆ తెర దుప్పటే. దారంతా మా అత్త నా చెయ్యి వదల్లేదు, నన్ను కళ్లు మూయనివ్వలేదు, ముచ్చట ఆపలేదు. అడ్డదిడ్డమైన ప్రశ్నలు అడిగి జవాబు చెప్పేదాకా గిల్లేది. మా ఆయన డ్రైవర్ పక్కన కూర్చుని వెనక్కి తిరిగి తిరిగి చూస్తూనే ఉన్నాడు. దవాఖానలో డాక్టరమ్మ నన్ను చూసి, రక్తపోటు బాగా ఎక్కిందని చెప్పి, ఇంకొక్క పూట ఆగితే తల్లీ బిడ్డా ఎవరూ దక్కేవాళ్లు కాదంది. చీకటి గదిలో పడుకోబెట్టి, ఉప్పు మాన్పించి, సూదులు పొడిచారు. మా అత్త మంచం కింద నేల మీదే పడుకుంది. పురిటి నొప్పులు మొదలైన రోజు నేను ఒర్రిన ఒర్రుడు దవాఖాన అంతా వినబడి ఉంటుంది. ఆమె చెవులు మూసుకోలేదు. నా తల తన పొట్టకు అదుముకుని, "ఒర్రు బిడ్డా, ఒర్రు, నేను వింటున్న" అంటూనే ఉంది. మృగశిర కార్తె మొదటి వాన రేకుల మీద పడుతుండగా ఆడపిల్ల పుట్టింది. గుప్పెడంత ఉంది, కానీ గట్టిగా ఏడ్చింది.

మా అత్త తెర కట్టుకోవడం మానేసిందనుకోకండి. ఆ మూలకు ఆమె రుణపడి ఉందని ఆమెకు తెలుసు. తర్వాత ప్రతి రంజాన్‌కూ కూర్చుంది, ఏడ్చేది ఏడ్చింది, తేల్చుకునేది తేల్చుకుంది. నెలవంక కనబడగానే నేను చేసే మొదటి పని, తెర కింద నుంచి నా చెయ్యి లోపలికి పెట్టడం. అది పట్టుకుని లేచి వచ్చేది. ఊదిన నీళ్ల కోసం వచ్చిన వాళ్లకు మాత్రం గాజులు అంటగట్టి పంపేది.

అవన్నీ తర్వాతి సంగతులు. ఆ వాన వెలిసిన రోజు సత్తవ్వ మమ్మల్ని చూడటానికి చెన్నూరు నుంచి మోటరెక్కి వచ్చింది. పిల్లను చూసి, మెటికలు విరిచి, కొంగు ముడి విప్పి పచ్చగాజులు మంచం మీద పెట్టింది. మా అత్త పిల్లను ఆమె ఒళ్లో వేసి, నా పక్కన కూర్చుని, నా కుడి చెయ్యి తన ఒడిలోకి తీసుకుంది. వాపు పోయింది. గాజు ఊరికే నెట్టినా ఎక్కేటట్టుంది. అయినా బొటనవేలి మొదట్లో మెల్లగా పిసకడం మొదలుపెట్టింది.

"మా ఖైరూ చిన్నగున్నప్పుడు ఓపారి ఏం జేసిందో ఎరుకేనా" అంది. "నేను మలారం దించి నీళ్లు తాగొచ్చేవరకు, మొత్తం గాజులు తీసి మేక కాళ్లకు ఏసింది. గా మేక బజారు పొంటి గల్లుగల్లుమనుకుంట ఉరుకుతాంటె, పెండ్లి వస్తుందని అందరు బయటికొచ్చి సూసిండ్రు."

నేను నవ్వాను. సత్తవ్వ నవ్వింది. మా అత్త కూడా నవ్వుతూ, కళ్లు తుడుచుకుంటూ ఉంది. చూసుకుంటే నా చెయ్యి నిండి ఉంది.